రాయడానికి ఆర్కైవ్ తెరవడం: లిబ్‌జిప్ లైబ్రరీపై విమర్శనాత్మక పరిశీలన

సి భాషలో ఫైలును రాయడానికి తెరిచే పద్ధతి మీకు ఇప్పటికే తెలుసు. ఎఫ్‌ఓపెన్‌కు ఫైలు పేరు, ‘డబ్ల్యూ’ మోడ్ ఇస్తే ఫైలు ఆ క్షణంలోనే తయారవుతుంది. అదే పేరుతో పాత ఫైలు ఉంటే అందులోని సమాచారం కూడా ఆ క్షణంలోనే పోతుంది. మీరిచ్చిన ఫోల్డరు లేకపోయినా, అందులో రాసే అనుమతి లేకపోయినా ఎఫ్‌ఓపెన్ నల్ ఇచ్చి అక్కడికక్కడే చెప్పేస్తుంది. అంటే తెరవడం నిజంగా తెరవడమే. ఈ అలవాటుతోనే మనం లిబ్‌జిప్ దగ్గరకు వెళ్తాం. చిక్కు అక్కడ మొదలవుతుంది.

జిప్ ఆర్కైవ్‌లను చదవడానికి, మార్చడానికి, కొత్తగా తయారుచేయడానికి సి భాషలో రాసిన లైబ్రరీ లిబ్‌జిప్. డీటర్ బారన్, థామస్ క్లౌస్నర్ దీని రచయితలు. ఇందులోని ఫంక్షన్ల పేర్లను ఇక్కడ పలికే తీరులోనే రాస్తున్నాను. ప్రోగ్రాములో వాటిని చిన్న ఇంగ్లీషు అక్షరాలతో, మధ్యలో అండర్‌స్కోర్‌తో రాయాలి.

ఆర్కైవ్‌ను తెరిచే ఫంక్షన్ జిప్_ఓపెన్. దీనికి మూడు ఆర్గ్యుమెంట్లు: ఫైలు పాత్, ఫ్లాగులు, ఎర్రర్ సంఖ్యను ఉంచే చలరాశి అడ్రసు. ఫ్లాగుల్లో ‘క్రియేట్’ ఇస్తే ఫైలు లేనప్పుడు కొత్త ఆర్కైవ్‌గా తీసుకుంటుంది. ‘ఎక్స్‌క్లూజివ్’ అనే అర్థంలో ఉన్న ఫ్లాగు ఇస్తే ఫైలు ముందే ఉన్నప్పుడు ఎర్రర్ ఇస్తుంది. ‘ట్రంకేట్’ ఇస్తే పాత ఫైలులో ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోదు. ‘రీడ్ ఓన్లీ’ అని మనం అడగకపోతే, తెరిచిన ఆర్కైవ్‌ను మార్చవచ్చు. చదవడానికే తెరిచినవాడికి కూడా మార్చే అధికారం ఉన్నట్లే. ఇది ఉండవలసిన తీరు కాదని నా అభిప్రాయం. అయినా ఇది చిన్న విషయం.

పెద్ద విషయం వేరే ఉంది. జిప్_ఓపెన్ విజయవంతమైతే రాయడానికి ఫైలు సిద్ధమైందని మీరు అనుకుంటారు. కాలేదు. డిస్కులో అప్పటికి ఏ ఫైలూ తయారుకాలేదు. జిప్_ఫైల్_యాడ్‌తో మీరు చేర్చే ఫైళ్లు కూడా అప్పటికప్పుడు డిస్కుకు చేరవు. చేర్చాలన్న కోరికను లైబ్రరీ గుర్తుపెట్టుకుంటుంది, అంతే. అసలు రాత అంతా జరిగేది జిప్_క్లోజ్‌లో. మీరు లేని ఫోల్డరు పేరు ఇచ్చినా, రాసే అనుమతి లేని ఫోల్డరు ఇచ్చినా, క్రియేట్ ఫ్లాగుతో జిప్_ఓపెన్ చక్కగా పాయింటరు ఇస్తుంది. తాత్కాలిక ఫైలును తయారుచేయలేకపోయానన్న ఎర్రర్ చివర్లో, జిప్_క్లోజ్ దగ్గర వస్తుంది.

ఈ తప్పు నేనూ చేశాను. ఒక అధ్యయన కేంద్రంలో విద్యార్థులు సీడీల మీద తెచ్చిన ప్రాజెక్టు నివేదికలను ఆర్కైవ్‌లో పెట్టడానికి ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. జిప్_ఓపెన్ ఫలితాన్ని పరీక్షించాను. ప్రతి జిప్_ఫైల్_యాడ్ ఫలితాన్నీ పరీక్షించాను. జిప్_క్లోజ్‌ను మాత్రం ఎఫ్‌క్లోజ్‌ను పిలిచినట్లు ఒట్టిగా పిలిచి, ‘భద్రపరచబడింది’ అని తెరమీద చూపించాను. ఫోల్డరు పేరులో ఒక అక్షరం తప్పు పడింది. సాయంత్రానికి విద్యార్థులందరూ ఆ సందేశం చూసుకుని, సీడీలు తీసుకుని వెళ్లిపోయారు. మర్నాడు చూస్తే ఆర్కైవ్ లేదు. ఉట్నూరు నుంచి ఒక విద్యార్థి ఆ సీడీ పట్టుకుని రెండోసారి బస్సెక్కి వచ్చాడు. నన్ను ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

తప్పు నాదే. కానీ ఆ తప్పుకు దారి చూపింది ఫంక్షన్ పేరు.

లైబ్రరీ రచయితలు ఇలా ఎందుకు చేశారన్నది కూడా చూడాలి. జిప్ ఫార్మాట్ 1989లో ఫిల్ కాట్జ్, ఆయన సంస్థ పీకేవేర్ నుంచి వచ్చింది. ఇందులో ప్రతి ఫైలు సమాచారం వరుసగా ఉండి, అన్నింటి జాబితా ఆర్కైవ్ చివర ఉంటుంది. దీన్ని సెంట్రల్ డైరెక్టరీ అంటారు. ఒక ఫైలును తీసేసినా, మార్చినా తరవాతి వాటి స్థానాలు మారతాయి, జాబితా తిరిగి రాయాలి. అందుకని లిబ్‌జిప్ అన్ని మార్పులనూ పోగుచేసుకుని, అదే ఫోల్డరులో ఒక తాత్కాలిక ఫైలుకు మొత్తం రాసి, అది పూర్తయ్యాకే దానికి అసలు పేరు పెడుతుంది. మధ్యలో డిస్కు నిండిపోతే పాత ఆర్కైవ్ చెక్కుచెదరదు. ట్రంకేట్ ఫ్లాగు ఇచ్చినా అంతే. ఎఫ్‌ఓపెన్ అయితే పాతదాన్ని ముందే చెరిపేసి ఉండేది. ఈ భద్రత చాలా విలువైనది. నా విమర్శ ఈ పద్ధతి మీద కాదు. దానికి ‘ఓపెన్’, ‘క్లోజ్’ అని పాత పేర్లే పెట్టి కొత్త అర్థాన్ని దాచడం మీద.

దీని పర్యవసానం మరొకటి ఉంది, ఇది ఇంకా ప్రమాదకరం. జిప్_సోర్స్_బఫర్‌కు మీరిచ్చే మెమరీని లైబ్రరీ నకలు తీసుకోదు. రాత జరిగేది చివర్లో కాబట్టి అప్పటిదాకా ఆ మెమరీ చెల్లుబాటులో ఉండాలి. ఒక ఫంక్షన్ లోపల స్థానిక అర్రేలో సమాచారం నింపి, ఆర్కైవ్‌కు చేర్చి, ఫంక్షన్ నుంచి బయటకు వచ్చేస్తే, జిప్_క్లోజ్ చదివేది చెత్తనే కావచ్చు. ఎర్రర్ రాకపోవచ్చు కూడా. మాలాక్‌తో తీసుకున్న మెమరీ అయితే చివరి ఆర్గ్యుమెంటు సున్నా కాకుండా ఇవ్వండి, దాన్ని విడుదల చేసే పని లైబ్రరీయే చూసుకుంటుంది.

పోలికకు లిబ్‌ఆర్కైవ్‌ను చూడండి. టిమ్ కీంట్‌జిల్ ఫ్రీబీఎస్‌డీ కోసం మొదలుపెట్టిన లైబ్రరీ ఇది. ఇందులో చదివే ఆబ్జెక్టు వేరు, రాసే ఆబ్జెక్టు వేరు. ముందు ఫార్మాట్, కుదింపు పద్ధతి నిర్ణయించి, ఆ తరవాత ఫైలు తెరుస్తారు. ఆ తెరవడం నిజంగా తెరవడమే. ఫోల్డరు లేకపోతే అప్పుడే చెబుతుంది. అయితే పాత ఫైలు కూడా అప్పుడే పోతుంది. ఉన్న ఆర్కైవ్‌ను అక్కడికక్కడే మార్చే వీలూ లేదు. టార్ రాసేటప్పుడు ప్రతి ఫైలు సైజును దాని హెడర్‌లో ముందే చెప్పాలి. చెప్పినదానికన్నా ఎక్కువ ఇస్తే మిగిలింది రాయదు, తక్కువ ఇస్తే సున్నాలతో నింపుతుంది. మాట నిజమే, క్షమ తక్కువ. కొత్తగా నేర్చుకునేవారికి నేను దీన్నే ముందు చెబుతాను. విలువైన ఆర్కైవ్‌ను మార్చవలసి వస్తే మాత్రం లిబ్‌జిప్‌నే వాడతాను, జిప్_క్లోజ్‌ను ఇఫ్ లోపల పెట్టి.

అభ్యాసం: మీ కంప్యూటరులో లేని ఒక ఫోల్డరు పేరుతో జిప్_ఓపెన్‌ను క్రియేట్ ఫ్లాగుతో పిలవండి. ఒక చిన్న ఫైలు చేర్చండి. ఒక్కో ఫంక్షన్ తరవాత ఫలితాన్ని ముద్రించండి. జిప్_క్లోజ్ మైనస్ 1 ఇచ్చినప్పుడు ఆర్కైవ్ మెమరీ విడుదల కాదు. దానికి జిప్_డిస్కార్డ్ పిలవాలి. తరవాత ఫోల్డరు పేరు సరిచేసి, ఏ ఫైలూ చేర్చకుండా మళ్లీ నడపండి. ఈసారి జిప్_క్లోజ్ విజయవంతమవుతుంది. ఆర్కైవ్ తయారైందా లేదా అన్నది డిస్కులో చూసి, కారణం మీ నోటుబుక్కులో రాయండి.