వరస దొరికే దాకా

రాతకూ రక్తంలోని తెల్లకణాలకూ సంబంధమేమిటని ఒకప్పుడు నేనూ అనుకునేదాన్ని. 1988లో మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్, గ్లేసర్ దంపతులతో కలిసి అమెరికాలో చేసిన ఒక ప్రయోగం ప్రచురించాడు. 50 మంది విద్యార్థులను రోజుకు 20 నిమిషాల చొప్పున వరసగా 4 రోజులు రాయమన్నారు. కొందరు తమను కుదిపేసిన సంగతులు రాశారు, కొందరు పైపై విషయాలు. రక్తం తీసి చూస్తే, బాధను రాసుకున్నవాళ్ల లింఫోసైట్లు, అంటే ఒకరకం తెల్లకణాలు, ఎక్కువ చురుగ్గా స్పందించాయి. 1995లో న్యూజిలాండ్‌లో వైద్య విద్యార్థుల చేత ఇలాగే రాయించి హెపటైటిస్ బి టీకా వేస్తే, బాధను రాసినవాళ్లలోనే యాంటీబాడీలు ఎక్కువ కనిపించాయి.

మనసు నలిగితే ఒళ్లు ఊరుకోదు. ఒహాయోలో దంతవైద్య విద్యార్థుల అంగిట్లో చేసిన చిన్న గాయం, వేసవి సెలవుల్లో కంటే పరీక్షల ముందు మానడానికి 40 శాతం ఎక్కువ సమయం తీసుకుంది.

అలాగని ఉన్నదంతా కక్కేస్తే చాలదు. నన్ను పట్టుకున్నది ఈ సంగతే. పెన్నెబేకర్ ఆ రాతల్లోని మాటలను లెక్కగట్టి చూశాడు. ఆరోగ్యం బాగా మెరుగుపడ్డవాళ్ల కాగితాల్లో ‘ఎందుకంటే’, ‘ఇప్పుడు తెలిసింది’ లాంటివి రోజురోజుకూ పెరిగాయట. మొదటి రోజే కథంతా సిద్ధం చేసుకుని వచ్చినవాళ్లకు అంత మేలు జరగలేదు. చెదిరిన సంగతులకు వరస వెతకడమే కదా రచయిత పని! మేలు చేసింది ఆ వెతుకులాటేనని నా నమ్మకం.

అమ్మ పోయిన ఏడాది రాత్రిళ్లు లాంగ్ నోటుబుక్కులో రాసుకునేదాన్ని. మొదటి పేజీల నిండా సెలైన్ సీసా, ఆస్పత్రి వరండాలో ఫినాయిల్ వాసన, ఎవరిమీదో తెలియని కోపం. సగం వాక్యాలకు క్రియ లేదు. చాలా పేజీల తర్వాత ఒకచోట, కొట్టివేతల మధ్య, ఇలా ఉంది: ఆ సాయంత్రం అమ్మ నన్ను ఇంటికి పొమ్మంది, ఎందుకంటే తన ఆయాసం నేను చూడకూడదనుకుంది. అది రాశాక ఆ రాత్రి నిద్రపట్టింది. నా తెల్లకణాల సంగతి చెప్పలేను గానీ, నిద్ర మాత్రం నిజం.

ఇలా రాసుకోవడాన్ని మందుగా అమ్మేవాళ్లను నమ్మకండి. 146 అధ్యయనాలను కలిపి చూసిన 2006 నాటి సమీక్షలో మేలు కనిపించింది, కానీ చిన్నదే. రాసిన వెంటనే దిగులు పెరగడమూ మామూలే. టీకాలూ మాత్రలూ వాటి పని అవి చేయాలి.

పెన్నెబేకర్ షరతులు తేలికైనవి: ఆపకుండా రాయాలి, అక్షరదోషాలు పట్టించుకోకూడదు, ఎవరికీ చూపించనక్కర్లేదు. అచ్చుకోసం రాసే మాలాంటివాళ్లకు మూడోదే కష్టం. అందుకే కాలమ్‌కు ఒక పుస్తకం, నాకోసం వేరే పుస్తకం పెట్టుకున్నాను.