మంచె మీద పనికొచ్చే రిలీజ్

సెప్టెంబరు చివర్లో నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, విల్లు కొనేశా. రిలీజ్ ఏది తీసుకోమంటావ్?" మిషిగన్‌లో అక్టోబరు 1న విల్లుతో జింకల వేట మొదలై నవంబరు 14 దాకా సాగుతుంది. 15 నుంచి తుపాకులవాళ్ల వంతు. 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చాక మనవైపు వేట నేరమైపోయింది. అందుకని ఇక్కడికొచ్చి సేఫ్టీ కోర్సు చదివి, లైసెన్సు తీసుకుని అడవిలో అడుగుపెట్టే మన కుర్రాళ్లకు ఇంట్లో చెప్పేవాళ్లుండరు. విల్లు కోసం నెలల తరబడి వీడియోలు చూస్తారు. బాణాన్ని నిజంగా వదిలే ఆ చిన్న పరికరం మాత్రం చివరి వారంలో గుర్తొస్తుంది.

కాంపౌండ్ విల్లు ఎరగనివాళ్లకు రెండు మాటలు. మిస్సోరీకి చెందిన హాలెస్ విల్బర్ ఆలెన్ 1966లో పేటెంటుకు దరఖాస్తు పెట్టి, 1969లో సంపాదించిన విల్లు ఇది. కొనల్లో కప్పీలుంటాయి. 60 పౌన్ల విల్లును పూర్తిగా లాగాక, 80 శాతం బరువు తగ్గించే రకమైతే, చేతిమీద మిగిలేది 12 పౌన్లే. జింక చెట్టు చాటు నుంచి ఇవతలికి వచ్చేదాకా లాగి పట్టుకోగలిగేది అందుకే. కానీ నేటి వేట విళ్లు పొట్టివి, 30 అంగుళాలకు అటూ ఇటూ. లాగినప్పుడు నారి వాడిగా వంగి వేళ్లను నొక్కేస్తుంది. వేళ్లు వదిలితే పక్కకు కొడుతుంది. అందుకని నారికి కట్టిన చిన్న తాడు ఉచ్చులో రిలీజ్ కొక్కెం తగిలించి లాగుతాం. కొక్కెం విడితే బాణం పోతుంది.

వేలికీ నారికీ మధ్య ఏదో ఒకటి పెట్టుకోవడం ఇవాళ్టి సోకేం కాదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ వస్తువుల దగ్గర ఆగితే షాజహాన్ బిరుదు చెక్కిన విలుకాడి ఉంగరం కనిపిస్తుంది. బొటనవేలికి తొడుక్కుని దానితో నారి లాగేవారు. బొటనవేలి ఖరీదెంతో ఏకలవ్యుడి కథ విన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు దుకాణంలో కనిపించేవి ప్రధానంగా నాలుగు రకాలు. మణికట్టుకు పట్టీతో కట్టుకుని చూపుడువేలితో మీట నొక్కేది ఒకటి. పిడికిట్లో పట్టుకుని బొటనవేలితో నొక్కేది ఇంకొకటి. మూడోది హింజ్. దీనికి మీటే ఉండదు, లాగుతూ ఉంటే చేతిలో మెల్లగా తిరిగి దానంతటదే విడుతుంది. నాలుగోది ముందే అమర్చిన బరువు దాటేలా లాగితే విడుతుంది.

నన్ను అడిగేవాళ్లలో చాలామందికి మనసు హింజ్ మీద ఉంటుంది. కారణం తెలుసు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలవడం చూసి విల్లు పట్టినవాళ్లు వీళ్లు. పోటీల్లో హింజ్‌కున్న గౌరవం ఉత్తదేం కాదు. ఎప్పుడు విడుతుందో కచ్చితంగా తెలియదు కాబట్టి చెయ్యి ఉలిక్కిపడదు. అయితే పోటీలో 50 మీటర్ల దూరాన బోర్డు కదలకుండా నిలబడుతుంది. నాకౌట్‌లో బాణానికి 20 సెకన్లు ఇస్తారు. జింకకు ఆ మర్యాద లేదు. అది ఆగేది రెండు క్షణాలు, హింజ్ మూడో క్షణాన విడుతుంది. ఈలోగా ఒక్క అడుగు వేసిందా, ఊపిరితిత్తులకు చూసిన గురి పొట్టలో దిగుతుంది. అలా దెబ్బ తిన్న జింకను రాత్రంతా వెతకాల్సి వస్తుంది, చాలాసార్లు దొరకదు కూడా. బరువుతో విడిచే రకంతోనూ ఇదే చిక్కు. పైగా చలికి ఒళ్లు బిగుసుకున్నప్పుడు వేసవిలో అమర్చుకున్న ఆ బరువు దాటడానికి తంటాలు పడాలి. హింజ్‌తో వేటాడే ఉద్దండులు లేకపోలేదు, వాళ్లు నాకు ఫోన్ చెయ్యరు.

బొటనవేలి రకం మంచిదే. కొక్కెం తగిలించి విల్లుకే వేలాడదీస్తే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కానీ మొదటి ఏడాదివాళ్లకు ఇవ్వను. తెల్లవారకముందే మంచె ఎక్కి కూర్చోవాలి. సూర్యోదయానికి అరగంట ముందు నుంచే బాణం వెయ్యొచ్చని ఇక్కడి నియమం. ఆ చీకట్లో, మందపాటి చేతితొడుగుల్లోంచి పిడికిట్లోది జారిందంటే ఇరవై అడుగుల కింద ఆకుల్లో పడుతుంది. మణికట్టుకు కట్టుకున్నది ఎక్కడికీ పోదు. రేంజ్‌లో దాన్ని నేర్చుకునేవాళ్ల సరుకన్నట్టు చూసేవాళ్లున్నారు. చూడనివ్వండి.

అందులోనూ పట్టీకి వెల్క్రో వద్దు. పేలాలు వేగుతున్న మూకుడు మీది మూత తీసినట్టుంటుంది నిశ్శబ్దంలో ఆ చప్పుడు. బెల్టులాంటి బకిల్ ఉన్నది తీసుకోండి. ప్రతిసారీ అదే రంధ్రంలో బిగిస్తే లాగే పొడవు మారదు. కోటు చేతుల మీద కాదు, లోపల, చర్మానికి దగ్గరగా కట్టుకోవాలి. మందమైన కోటు మీద కడితే పట్టీ జారి, కొక్కెం ముందుకు వెళ్లిపోతుంది. చూడకుండానే తగిలించగలిగేలా కొక్కెం ఒకవైపు తెరిచి ఉండేది మేలు. మెట్లెక్కేటప్పుడు నిచ్చెన ఇనుముకు ఠంగుమని తగలకుండా వెనక్కి మడిచే వీలుందో లేదో దుకాణంలోనే చూసుకోండి.

చూపుడువేలి మీటకున్న దోషం దాచను. విల్లు మీద గురి చూసే పిన్ను లక్ష్యం మీదికి రాగానే వేలు దానంతటదే మీటను గుద్దేస్తుంది. కొన్నాళ్లకు అది జబ్బవుతుంది, గురి దగ్గరకు వెళ్లకముందే బాణం పోతుంది. దీనికి మందు మీటను తేలిక చెయ్యడం కాదు, బిగించడం. వేలి కొసతో కాకుండా రెండో కణుపు దగ్గర మీట ఆనించి, వేలిని కొక్కెంలా ఉంచి, వీపు కండరాలతో లాగితే హింజ్ పాఠమే ఇక్కడా అబ్బుతుంది. జూన్, జూలైల్లో బోర్డుకు రెండు గజాల దూరంలో నిలబడి, గురి లేకుండా కళ్లు మూసుకుని వెయ్యాలి. కావాలంటే ఆ నెలల్లో హింజ్ అరువు తెచ్చుకుని సాధన చెయ్యండి, నేనూ చేస్తాను. ఆగస్టుకల్లా తిరిగిచ్చెయ్యండి.

దుకాణంలో ఏసీలో, ఉత్త చేతులతో ప్రయత్నించి కొనకండి. వేటకు వేసుకునే తొడుగులు పట్టుకెళ్లండి. పక్కనే ఐస్ డబ్బా ఉంటే వేళ్లు కాసేపు అందులో పెట్టి నొక్కి చూడండి, దుకాణంవాళ్లు నవ్వినా సరే.  300 డాలర్లు పెట్టే స్తోమత ఉన్నా, 100 లోపుది రెండు కొనమంటాను. ఒకే మోడల్, మీటలకు ఒకే బిగువు, పట్టీలు ఒకే రంధ్రంలో. రిలీజ్ కారులో మరిచిపోయి మంచె ఎక్కినవాడికి 60 పౌన్ల విల్లును వేళ్లతో లాగే దారి లేదు. రెండోది ఎప్పుడూ సంచిలోనే ఉండాలి.