ఓవెన్ ఉత్తరాలు - మన రేకు పెట్టెలు

విల్‌ఫ్రెడ్ ఓవెన్ అనగానే యుద్ధకవి అంటాం. 1967లో అచ్చయిన ఆయన ఉత్తరాల సంపుటంలో నాకు కవికంటే ముందు ఒక కొడుకు కనిపించాడు. ఆరువందలకు పైగా ఉన్న ఉత్తరాల్లో చాలా భాగం తల్లి సూసన్‌కు రాసినవే.

1917 జనవరిలో ఫ్రాన్సు యుద్ధరంగం నుంచి రాసిన ఉత్తరం చూడండి. నేల కింద తవ్విన గదిలో, నీళ్లలో, పాతికమంది సైనికులతో ఇరుక్కున్న సంగతి చెబుతూ, కాపలావాడొకడు పేలుడుకు పడిపోయాడనీ, చూపు పోయిందేమోననీ రాస్తాడు. అంతే. అమ్మకు అంతకుమించి చెప్పలేదు.

'ది సెంట్రీ' కవితలో ఆ మనిషే మళ్లీ వస్తాడు. అధికారి అతని కళ్ల ముందు మంట పట్టుకుని, మసకగా కనిపించినా చూపు ఉన్నట్టేనని ధైర్యం చెబుతాడు. చివరికి, దీపాలు ఎప్పుడో ఆరిపోయాక, వెలుగు కనిపిస్తోందని అతను అరుస్తాడు. ఈ కవిత పూర్తయింది 1918 సెప్టెంబరులో. ఉత్తరం మింగేసిన మాట కవితలోకి రావడానికి ఇరవై నెలలు పట్టింది. నవంబరు 4న ఓవెన్ యుద్ధంలో చనిపోయాడు. ఉత్తరం మిగలకపోతే ఈ దూరం మనకు తెలిసేదే కాదు.

అయితే సంపుటాన్ని పూర్తిగా నమ్మలేం. తమ్ముడు హెరాల్డ్ కొన్ని వాక్యాలను సిరాతో కొట్టేశాడు, కొన్నింటిని కత్తిరించాడు. కవికి చేసిన అన్యాయమే అది. కానీ కాగితం మిగిలింది గనుక ఆ అన్యాయమూ కనిపిస్తోంది. ఆ ఉత్తరాలు నేడు టెక్సాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి.

ఇది చదువుతుంటే మా అటక మీది రేకు పెట్టె గుర్తొచ్చింది. దాన్నిండా తాతగారికి వచ్చిన తెలుగు కార్డులు. 1953లో బళ్లారి మైసూరులో కలిశాక మా ఇంట్లో చదువులు కన్నడంలోకి మారాయి. పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవలేరు. హెరాల్డ్ చదివి కొట్టేశాడు. మనవాళ్లు చదవలేక పారేస్తారు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, రాఘవ తిరిగిన ఊరు మనది. ఏ పెట్టెలో ఎవరి చేతిరాత ఉందో!

అందుకే ఒక మాట. పండక్కి అటక దులిపినప్పుడు కాగితాలు తూకానికి వేయకండి. తెలుగు చదవగల పెద్దవారిని కూర్చోబెట్టుకుని, ఎవరు, ఎవరికి, ఏ యేట రాశారో ఒక చీటీ మీద రాసి ఆ కట్టకు చేర్చండి. కన్నడంలో రాసినా సరే.