లేచేటప్పుడు తెలుస్తుంది

అయిదేళ్ల కిందట ఒక గురువారం పొద్దున్నే హైదరాబాద్ జుమ్మేరాత్ బజారుకు వెళ్లి పడక కుర్చీ ఒకటి కొన్నాను. పేము అల్లిక, పొడుగు చేతులు. ఆ చేతుల కిందనుంచి మరో రెండు బద్దలు బయటికి తిరుగుతాయి, వాటిమీద కాళ్లు బార చాపుకోవచ్చు. మా తాతగారి అరుగు మీద అచ్చం ఇలాంటిదే ఉండేది. ఆ మురిపెంలో దాన్ని తెచ్చి హాలు నడిమధ్య వేశాను. అమ్మ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, జాగ్రత్తగా కూర్చుని, నిమిషం ఆగి అడిగింది: "బాగానే ఉంది గానీ, ఇందులోంచి నన్నెవరు లేపుతార్రా?"

పాత కుర్చీ కొనేటప్పుడు నేను కర్ర చూశాను, నగిషీ చూశాను, ధర బేరమాడాను. ఎత్తు మాత్రం కొలవలేదు. ముందు అంచు నేలకు పద్నాలుగు అంగుళాలుంది. వెనక్కి పోయేకొద్దీ ఇంకా దిగిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది కుర్చీ కాదు, గొయ్యి. వచ్చిన చుట్టాలు కూడా అంచున ఒద్దికగా కూర్చుని, కాఫీ తాగి, లేచి పోయేవాళ్లు. పెద్దవాళ్ల ఎదుట కాళ్లు చాపుకుని వెల్లకిలా వాలడానికి ఎవరికి మనసొప్పుతుంది? అసలది ఒక్క మనిషి ఆసనం. తాతగారు ఊళ్లో ఉండగా దానిమీద ఇంకొకరు కూర్చోగా నేను చూడలేదు. నడుం వాల్చి పేపరు చదువుకునే చోటు, అంటే వసారా, దాని ఇల్లు. వసారాలు పోయాయి కనుక ఇప్పుడు బాల్కనీ. జల్లు కొట్టని మూల అయితేనే సుమా.

భోజనాల బల్ల దగ్గరికి వేరే జాతి కావాలి. అక్కడ కూర్చునే పలక పదిహేడు పద్దెనిమిది అంగుళాల ఎత్తుండాలి, బల్ల దానికి మరో అడుగు పైన. ఇక్కడ నా ఓటు ఇరానీ హోటళ్లలో చాయ్ తాగుతూ మనం కూర్చున్న వంపు కర్ర కుర్చీకే. దాని మూలపురుషుడు మైకేల్ థోనెట్ కంపెనీ 1859లో తెచ్చిన పద్నాలుగో నంబరు కుర్చీ. బీచ్ కర్రను ఆవిరి పట్టి వంచి చేసిన ఆరు ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు, అంతే. విడదీసి సర్దితే ఘనమీటరు పెట్టెలో ముప్ఫై ఆరు పట్టేవట. తేలిక, చోటు తినదు, పిల్లవాడైనా జరుపుకుంటాడు. సింహం తలలు చెక్కిన బరువు కుర్చీలు ఆరు తెచ్చి డైనింగ్ బల్ల చుట్టూ పేర్చిన మిత్రుడొకరున్నారు. వాళ్లింట్లో అందరూ సోఫాలోనే తింటారు.

ఉయ్యాల బల్ల మీద అందరికీ మోజే, నాకూ ఉంది. అయితే ముందుకు మూడడుగులు, వెనక్కు మూడడుగులు ఖాళీ లేని హాల్లో అది గోడల్ని తప్ప మనల్ని ఊపదు. పాత ఇళ్లలో గొలుసులు దూలానికి వేలాడేవి. స్లాబులో ఫ్యానుకని వేసిన కొక్కేనికి మాత్రం తగిలించకండి. పడక గదిలో, మంచం పక్కన, చేతులున్న మామూలు కుర్చీ చాలు. చెయ్యి ఆనించి లేవడానికి పట్టు దొరకాలి. పూజగదికి పీట ఉండనే ఉంది.

ఇక అమ్మేవాడి నోట ప్రతి టేకూ బర్మా టేకే. మనవాళ్లు కోరంగి, కాకినాడ రేవుల నుంచి రంగూన్‌కు వెళ్లిన కాలం ఉంది కాబట్టి ఆ మాట మనకు వెంటనే చెవికెక్కుతుంది. నమ్మకుండా కుర్చీని తలకిందులు చేయండి. పైన పాలిష్ ఎంతైనా దాస్తుంది, అడుగున దాచడానికి ఎవరూ శ్రమపడరు. సన్నటి బెజ్జాల్లోంచి పిండిలాంటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే కాపురం ఉందన్నమాట. చేవ ఉన్న టేకు జోలికి చెద సులువుగా పోదు, చేవ తేలని అంచు చెక్కను మాత్రం వదలదు. స్క్రూ తల మీద ప్లస్ గీత కనిపిస్తే గుర్తుంచుకోండి, ఆ ఫిలిప్స్ స్క్రూ 1930ల సరుకు. అలాగని కుర్చీ మొత్తం కొత్తదనలేం, రిపేరుకు బిగించి ఉండొచ్చు. "నూట యాభై ఏళ్ల నాటిది సార్" అన్నప్పుడు మాత్రం ఆ స్క్రూ వైపు చూసి నవ్వొచ్చు.

పేము అల్లికలో నల్లులుంటాయి. నాకు తెలుసు, నేను తెచ్చుకున్నాను. రెండు రోజులు ఎండలో పెట్టి, సలసల కాగే నీళ్లు పోస్తే గానీ వదల్లేదు. ఆ నీళ్ల వల్ల ఒక లాభం కూడా జరిగింది. జారిన అల్లిక తడిసి ఆరేసరికి బిగిసింది. తడిపితే సాగి, ఆరితే బిగియడం పేము స్వభావం, అల్లేవాళ్లు నానబెట్టి అల్లేది అందుకే. బల్బు మార్చడానికి దానిమీద నిలబడ్డామా, అల్లిక మొత్తం మళ్లీ చేయించుకోవాల్సిందే.

అమెరికాలో ఉన్న పిల్లలకు తాతగారి కుర్చీ పంపాలనుకునేవారికి ఒక మాట. నూరేళ్లు నిండిన కళావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. ఓడ ఎక్కించే ముందు వయసు తేల్చుకోండి.

నా కుర్చీ ఇప్పుడు బాల్కనీలో ఉంది. వడ్రంగి కాళ్లకింద మూడంగుళాల దిమ్మలు వేసి ఇచ్చాడు. అమ్మ ఇంకా అందులో కూర్చోవడం లేదు. ఆ పొడుగు చేతుల మీద వడియాల పళ్లెం సరిగ్గా సరిపోతోందట, ఈ వేసవంతా అక్కడే ఎండబెట్టింది.