కత్తికి పుట్టిల్లు ఒక్కటేనా?

పాత కత్తి ఎక్కడిదని అడిగితే వేలం కేటలాగులు తరచూ ఒకే పేరు చెప్పి ఊరుకుంటాయి: డమాస్కస్, ఇస్ఫహాన్, రాజస్థాన్. ఈ పద్ధతి మారాలి. ఉక్కు ఒకచోట కరిగి, అలుగు మరోచోట సాగి, పిడి ఇంకోచోట బిగిసిన ఆయుధానికి ఒక్క ఊరి పేరే రాస్తే మిగతా పనివాళ్లు లెక్కలోంచి జారిపోతారు. అలా జారిపోయినవాళ్లలో మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కమ్మరులున్నారు. వాళ్లు మట్టిమూసల్లో ఇనుము పెట్టి మూతవేసి, కొలిమిలో గంటల తరబడి కాచి, నెమ్మదిగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవారు. ఆ పని తీరును, ఆ ఉక్కును కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారిని గురించి భూగర్భ శాస్త్రజ్ఞుడు వాయ్సీ రాసిన వివరం 1832లో అచ్చయింది. అంతకు చాలాముందే, 17వ శతాబ్దంలో, ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కూడా పర్షియన్ల అలల చారల కత్తులకు ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వెళ్తుందని రాశాడు.

కంటికి ముందుగా కనిపించేది పిడి, కానీ పుట్టుక విషయంలో నమ్మదగనిదీ అదే. పిడి విరిగితే కొత్తది బిగించేవారు. దక్కన్‌లో వాడిన ఫిరంగీ అనే కత్తులకు అలుగు ఐరోపాది, పిడి ఇక్కడిది. తంజావూరు కటారుల్లోనూ ఐరోపా అలుగులు కనిపిస్తాయి. అలుగు మీది సంతకమూ అంతే. ఇస్ఫహాన్ కమ్మరి అసదుల్లా పేరున్న కత్తుల మీది తేదీలన్నీ కలిపితే ఒక మనిషి జీవితకాలంలో ఇమడవు. పేరుకు గిరాకీ ఉన్నచోట పేరు చెక్కేవాళ్లూ ఉంటారు.

కత్తిని సాగదీసినవాడిదే కదా కత్తి అనవచ్చు. ఆ మాటలో న్యాయముంది. ఈ మూస ఉక్కులో కార్బన్ ఎక్కువ కాబట్టి వేడి కాస్త మించితే సుత్తిదెబ్బకు ముక్కలవుతుంది. దాన్ని వశం చేసుకున్న పర్షియన్ కమ్మరి గొప్పవాడే. కాబట్టి ఆ కత్తులను తెలంగాణ కత్తులని చాటుకోవడమూ తప్పే. ఉక్కు ఇక్కడిది, పనితనం అక్కడిది అని రెండూ రాయాలి. ఉక్కు ఎక్కడిదో ప్రయోగశాలే తేల్చదా అన్నది మరో ప్రశ్న. చారలు తేలడానికి వనేడియం వంటి లోహాల స్వల్పపాళ్లు కారణమని లోహశాస్త్రవేత్త వెర్హోవెన్, కత్తుల కమ్మరి పెండ్రే 1998లో వివరించారు. అయితే ఆ పాళ్లను పోల్చి చూడాలంటే పాత కొలిముల చిట్టెం, మూసల పెంకులు చేతిలో ఉండాలి. అవి పొలాల్లో దున్నుడుకు చెదిరిపోతే ఏ యంత్రమూ ఊరి పేరు చెప్పలేదు.

మ్యూజియాలు ఉక్కుకు, అలుగుకు, పిడికి వేర్వేరు వరుసలు రాయాలి; తెలియనిచోట ఖాళీ వదలాలి. ఇంట్లో తాతల నాటి కత్తి ఉన్నవాళ్లు దాన్ని గరుకు కాగితంతో తోమి మెరిపించకండి. పైపొరతో పాటు ఆ చారలూ కనిపించకుండా పోతాయి.