రాతి గొంతులో చమురు బొట్టు

భూమి లోపల చమురు చెరువులా నిలిచి ఉంటుందన్న భ్రమ పోవాలంటే రాతిలోని ప్రవాహాన్ని కంటికి చూపడమే మార్గమన్నది ఈ కాలమ్ పాఠకులు పలుమార్లు విన్న మాటే. అయినా ఈ వారం ఒక పాఠ్యపుస్తకపు బొమ్మలో రాతిపొరల నడుమ ఆ నల్లని మడుగే మళ్లీ కనిపించడం బాధాకరం. కోనసీమ వరిచేల అడుగున దొరికే సహజవాయువైనా, ఎడారుల కింది ముడి చమురైనా ఉండేది రాతిలోని సూక్ష్మరంధ్రాల్లోనే. రాతిలో ఆ ఖాళీ ఎంత వంతో తెలిపేది సచ్ఛిద్రత. ఆ ఖాళీలు కలిసి ద్రవాన్ని ఎంత సులువుగా పోనిస్తాయో తెలిపేది పారగమ్యత.

ఈ రంధ్రాల అల్లికను గాజుపలకపై చెక్కి, పైన మరో పలక అతికించి, నూనె నింపి, రంగునీటిని మెల్లగా ఎక్కిస్తే, నీరు ముందుగా గోడలను అంటిపెట్టుకొని మూలల వెంట పాకుతుంది. రెండు రంధ్రాల మధ్య ఇరుకైన ‘గొంతు’ వద్ద అది ఉబ్బేకొద్దీ నూనె పోగు నడుము సన్నబడి, మరింత సన్నబడి, పుటుక్కున తెగుతుంది. వెనుక చిక్కిన బొట్టు, చుట్టూ నీరు పారుతున్నా కదలదు. ఉత్పత్తి ఆగిపోయిన బావుల కింద కూడా చమురు మిగిలి ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

అయితే గాజుపలక చదునైనది. అందులో ఒక ద్రవం అడ్డంగా పరుచుకుంటే రెండోదాని దారి తెగిపోతుంది, రాతిలోనైతే అది పైనుంచో కిందనుంచో చుట్టి పోగలదు. వస్తువును తిప్పుతూ తీసిన ఎక్స్-కిరణ చిత్రాల నుంచి లోపలి ఆకారాన్ని గణించే టోమోగ్రఫీ ఈ లోపాన్ని తీర్చింది. ఇసుకరాయిలోకి చొరబడే నూనె నిలకడగా సాగక, ఆగి ఆగి, ఒక్క దూకుతో అనేక రంధ్రాలను ఆక్రమించడాన్ని 2013లో స్టెఫెన్ బెర్గ్ బృందం స్విట్జర్లాండ్‌లో ప్రత్యక్షంగా చిత్రించింది.

ఆ దూకులకు ‘హెయిన్స్ దూకులు’ అని పేరు. నేలలోని తేమను పరిశోధించిన హెయిన్స్, అటువంటి యంత్రమేదీ లేని 1930లోనే, నేల తడిసేటప్పుడూ ఆరేటప్పుడూ పీడనానికీ తేమకూ గల సంబంధం ఎందుకు మారుతుందో ఆలోచించి వాటిని వివరించాడు. అంతకుముందు 1856లో ఫ్రాన్స్‌లోని దిజోఁ నగరంలో హెన్రీ డార్సీ, ఇసుక నింపిన గొట్టం లోపలికి చూడకుండానే, పారిన నీటినీ పైనా కిందా పీడనాన్నీ కొలిచి, నేటికీ చమురు ఇంజినీర్లు వాడే సూత్రాన్ని రాబట్టాడు. కాబట్టి చూపుకే మొదటి స్థానమన్న పాత వాదనను సవరించుకోవలసిందే. పాఠ్యపుస్తకంలో ఆ మడుగును చెరిపేసిన చోట రంగుల బొమ్మకంటే ముందు ఇసుక గొట్టం, రెండు పీడనమాపకాలు, పిల్లలు చేతులతో చేసే కొలత రావాలి.