రోహిణి వాన ఎవరిది?

రోహిణి కార్తె నడుస్తోంది. మే 25 నుంచి జూన్ 7 దాకా సాగే ఈ రెండు వారాలు మెట్ట రైతు నిబ్బరానికి పరీక్ష. మధ్యాహ్నం రోళ్లు పగిలే ఎండ. పొద్దు వాలేసరికి పడమట నల్లమబ్బు లేస్తుంది. ఈదురుగాలి వచ్చి రేకులు లేపుతుంది. అరగంట సేపు వాన దంచి కొట్టి పోతుంది. తెల్లారి చూస్తే వంకలో నీళ్లు, గాలిలో మట్టివాసన, రచ్చకట్ట మీద ఒకటే మాట: "ఇత్తనం ఏసేద్దామా?"

ఉమ్మడి అనంతపురం జిల్లా ఎర్రనేలల్లో ఏటా వినిపించే ప్రశ్న ఇది. సేద్యం చేసే ఇంట్లో పుట్టి, సేద్యం గురించే రాస్తున్నవాణ్ని కాబట్టి ఏటా నన్నూ అడుగుతారు. నేను చెప్పేదీ ఏటా ఒకటే. రోహిణిలో పడే వాన ముందు నేలది, ఆ తర్వాత పశువుది. విత్తనం వంతు రావడానికి ఇంకా టైముంది.

మా జిల్లాలో ఏడాదికి కురిసేదే 550 మిల్లీమీటర్ల చిల్లర. పడమటి కనుమల అవతలే నైరుతి మబ్బు సగం బరువు దించుకుంటుంది. తూర్పు నుంచి వచ్చే ఈశాన్య మబ్బు మా దాకా వచ్చేసరికి పల్చబడుతుంది. అందుకే ఇక్కడ ఒక్కో వానను లెక్కపెట్టి వాడుకోవాలి. ఒక మిల్లీమీటరు వాన పడిందంటే ఎకరా మీద నాలుగు వేల లీటర్ల నీళ్లు పడినట్టు. 20 మిల్లీమీటర్లు పడితే ఎకరాకు 80 వేల లీటర్లు. వినడానికి పెద్ద లెక్కే. మే ఎండకు వేడిగాలి తోడైతే చెరువు మీద నుంచి రోజుకు 8, 10 మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుందని కూడా గుర్తుంచుకోవాలి. పైపైన తడిసిన చేను ఆరిపోవడానికి నాలుగు రోజులు చాలు.

వాన పడిన మర్నాడు పొద్దున్నే గడ్డపార తీసుకుని చేనులోకి వెళ్లండి. గట్టు పక్కన వద్దు, నీళ్లు నిలిచిన పల్లంలోనూ వద్దు. చేను నడిమధ్యలో, మిట్ట మీద మూరెడు లోతు గుంత తీయండి. పైన నాలుగు వేళ్ల మందాన మట్టి నల్లగా, చల్లగా ఉంటుంది. ఆ కింద గీత గీసినట్టు రంగు మారి, పొడి మట్టి వేడిగా చేతికి తగులుతుంది. చలికాలం నుంచి చుక్క పడని నేలలో అడుగు తడి అనేదే ఉండదు. పైనుంచి దిగిన తడి కలవడానికి కింద ఏమీ లేదు. ఆ నాలుగు వేళ్ల తడిలో బుడ్డల (వేరుశనగ) విత్తనం మొలకెత్తుతుంది. వేరు కిందికి దిగి పొడి మట్టిని తాకగానే ఆగిపోతుంది. మొలక వాడి, మాడి, చేను పలచబడుతుంది. ఎకరాకు 60 కిలోల దాకా పప్పు పోసే పంట ఇది. అప్పు తెచ్చి కొన్న విత్తనం ఒక్క వారంలో మట్టిపాలవుతుంది.

తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల తడిశాకే వర్షాధార పంటలు విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. మా పెద్దవాళ్లు మిల్లీమీటర్లు ఎరగరు. జానెడు పదును దిగాలనేవారు. గుప్పెడు మట్టి పిసికితే ముద్ద కావాలి. ఆ ముద్దను నడుము ఎత్తు నుంచి వదిలితే చితికి గుల్లగా విడిపోవాలి. ముద్దే కాకపోతే తడి చాలలేదని, కిందపడినా విడిపోకపోతే తడి మితిమీరిందని గ్రహించేవారు. లెక్క వేరైనా రెండు మాటలూ ఒక్కటే.

తొందరపడితే పోయేది మొలక ఒక్కటే అనుకుంటే పొరపాటు. మా జిల్లాలో వాన ఎక్కువగా కురిసేది సెప్టెంబరులో. వేరుశనగ పంటకాలం సుమారు నూటపది రోజులు. జూన్ మొదట్లో విత్తిన చేను జులైలో పూతకొచ్చి ఊడలు దించుతుంది. సరిగ్గా ఆ వారాల్లోనే ఇక్కడ బెట్ట పడుతుంది. ఎలాగో గట్టెక్కి కాయ కట్టినా, పీకే రోజులు సెప్టెంబరు వానలకు ఎదురొస్తాయి. కాయలు నేలలోనే మొలకెత్తుతాయి. పీకి వేసిన కట్టె తడిసి బూజు పడుతుంది. ఆ కట్టే కదా వచ్చే ఎండాకాలం ఎద్దుకూ ఆవుకూ ఆధారం! అంటే రోహిణిలో వేసిన తప్పటడుగుకు ఈ ఏడాది పంటతో పాటు వచ్చే ఏడాది మేత కూడా పోతుంది. జులైలో విత్తిన చేనుకు ఈ చిక్కులు తక్కువ. కాయ కట్టేటప్పుడు సెప్టెంబరు వాన ఆదుకుంటుంది. వేరుశనగకు మా జిల్లాలో జులై నెలే మేలని శాస్త్రవేత్తలు చెప్పేది ఇందుకే.

2025 సంవత్సరం దీనికి మంచి పాఠం. ఆ ఏడాది నైరుతి రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే. మే ఆఖరి వారంలోనే రాయలసీమలోకీ వచ్చాయి. ముందే వచ్చాయన్న సంబరం ఊరూరా కనిపించింది. ఆ వెంటనే నెలాఖరు నుంచి జూన్ మధ్య దాకా రుతుపవనాలు ఉన్నచోటే నిలిచిపోయాయి. మబ్బు ముందొచ్చిన ఏడాది కాలం ముందయిందనుకోకూడదు.

మరి రోహిణి వానతో ఏం చేయాలి? మొట్టమొదటిది వేసవి దుక్కి. ఇంతవరకూ దున్నని రైతుకు ఇదే అదను. పదును ఆరకముందే వాలుకు అడ్డంగా దున్నితే తరువాతి వాన పారిపోకుండా నేలలోకి ఇంకుతుంది. మా ఎర్రనేలలకు వాన దెబ్బకు పైన అట్ట కట్టే గుణం ఉంది. దుక్కి ఆ అట్టను పగలగొడుతుంది. నేలలో నిద్రపోతున్న ఎర్ర గొంగళిపురుగు కోశాలు పైకి తేలతాయి. కొన్ని ఎండకు మాడతాయి, మిగిలినవాటిని కొంగలు, కాకులు ఏరుకు తింటాయి. ఈ పురుగు రెక్కలొచ్చి నేలలోంచి లేచేది తొలకరి వానలకే. అది లేవకముందు ఒక్క దుక్కి దున్నితే, తర్వాత రెండు మందు పిచికారీల ఖర్చు తగ్గే వీలుంది. ఊరంతా కలిసి దున్నినప్పుడే దీని ఫలితం పూర్తిగా కనిపిస్తుంది. పక్క చేనులో లేచిన రెక్కల పురుగుకు గట్టు అడ్డం కాదు.

ఇప్పుడు పశువు సంగతి. ఎండాకాలం చివరికొచ్చేసరికి బీళ్లలో మిగిలేది ఎండిన పోచ. నమలడానికి నార తప్ప అందులో సత్తువ ఉండదు. గొర్రె పొద్దంతా తిరిగినా కడుపు నిండదు. తుమ్మకాయలు, రాలిన ఆకులు, పొలాల్లో దొరికే గింజా పొట్టూ తిని ఒళ్లు నిలుపుకుంటుంది. కాలువల కింది ఆయకట్టుకు వలసపోయిన మందలు ఈ వానల వార్త వినే ఊళ్ల దారి పడతాయి. వాన పడిన వారానికి బీడంతా పచ్చగా కనబడుతుంది. మూడు నెలలుగా ఎండు పోచ తిన్న జీవాలు ఆ పచ్చదనం మీద విరుచుకుపడతాయి. ప్రమాదం అక్కడే ఉంది.

లేత పచ్చిక కడుపు నిండా మేసిన గొర్రెల్లో చిటుకు రోగం వస్తుంది. పేగుల్లో మామూలుగా ఉండే సూక్ష్మజీవులే ఒక్కసారిగా మారిన మేతకు విపరీతంగా పెరిగి విషం చిమ్ముతాయి. సాయంత్రం గంతులేసిన గొర్రె తెల్లారేసరికి మందలో చచ్చిపడి ఉంటుంది. మందలో బాగా బలిసిన పిల్లలే ముందు పోతాయి. మందు వేసే వ్యవధి దాదాపుగా ఉండదు. టీకా ఒక్కటే దారి. వేసిన రోజునే రక్షణ రాదు, దానికి సుమారు రెండు వారాలు పట్టొచ్చు. బీడు పచ్చబడ్డాక పశువుల ఆసుపత్రికి పరుగెత్తితే ఆలస్యమైనట్టే. పశువులకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు కూడా వానలకు ముందే పడాలి.

కళ్యాణదుర్గం వైపు ఒక గొర్రెల కాపరి మంద దగ్గర కొంతసేపు కూర్చున్నాను. పొద్దెక్కుతున్నా మంద దొడ్డిలోనే ఉంది. చుట్టూ వేసిన కంప తీయలేదు. లోపల ఆయన భార్య తట్టతో బుడ్డల కట్టె చల్లుతోంది.

"ఇంకా తోల్లేదేం మామా?" అని అడిగాను.

"మంచు ఆరనీ నాయనా. ఎండు మేత కడుపులో పడినాక, పచ్చిక మీద మంచు ఆరినాక తోల్తా. ఆకలి మీద ఇడిస్తే ఆ లేత గడ్డి మీదనే పడ్తాయి" అన్నాడు.

పశువైద్యుడు చెప్పే జాగ్రత్తే ఆయన నోట వచ్చింది. ముందు ఎండుమేత పెట్టాలి. తర్వాత కొద్దిసేపు పచ్చిక మీదికి వదలాలి. రోజురోజుకూ ఆ సమయం పెంచుతూ వారం పది రోజులకు పూర్తి మేతకు అలవాటు చేయాలి. ఎండుమేత అడుగంటే ఈ రోజుల్లోనే ఒక వామి కట్టె దాచిపెట్టడం గొర్రెల ఇంటికి పెద్ద ధీమా.

నల్లరేగడి సీమలో, కోవెలకుంట్ల, సంజామల చుట్టుపక్కల, మరో ప్రమాదం పొంచి ఉంటుంది. జొన్న కోసిన మోళ్లు పొలంలో అలాగే నిలిచి ఉంటాయి. రోహిణి వానకు వాటి నుంచి పిలకలు లేస్తాయి. జానెడు పిలక, పైన ఎండ, కింద చాలీచాలని తడి. ఆ వాడిన లేత పిలకలో విషం పుట్టించే పదార్థం ఎక్కువ. పశువు నమలగానే హైడ్రోసయానిక్ ఆమ్లం విడుదలవుతుంది. దీన్నే రైతులు నాము అంటారు. నాము తిన్న పశువు తూలుతుంది, నోట నురగ కారుస్తుంది, ఎగశ్వాస తీస్తూ నిమిషాల్లో కూలబడుతుంది. వైద్యుడు వెంటనే చేరి సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ ఇంజక్షన్లు ఇస్తే బతికే అవకాశం ఉంది. ఆలస్యమైతే లేదు. పూత దశకు రాని జొన్నలోకి, మోళ్ల పిలకల్లోకి పశువును తోలకపోవడమే అసలు మందు. ఆ మోళ్లను ఇప్పుడే దున్నేస్తే నేలకూ మేలు, పశువుకూ క్షేమం.

పచ్చికకు కూడా ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలి. రెండాకులు వేసిన గడ్డి మొక్కను గొర్రె కొరికితే వేరుతో సహా వస్తుంది. ఆ వేరు పోయాక ఎంత వాన పడినా అక్కడ మళ్లీ పచ్చదనం రాదు. బీళ్లు ఏటికేడు బోడి కావడానికి వానలేమి ఒక్కటే కారణం అనుకోను. తొలి మూడు నాలుగు వారాలు ఊరి బీడులో ఒక భాగాన్నైనా మూసి ఉంచితే గడ్డి వేరూని, గింజ కట్టి, మరుసటి ఏడాదికి విత్తనం రాలుస్తుంది. స్టైలో అనే మేత మొక్క విత్తనం పండించడంలో దేశంలోనే పేరున్న జిల్లా మాది. ఆ విత్తనాన్ని ఇతర రాష్ట్రాలకు పంపిన రైతుల ఊళ్లలోనే బీళ్లు బోసిగా ఉండటం నాకు బాధ కలిగించే విషయం. తొలకరికి ముందు బీడు మీద చల్లే నాలుగు గుప్పిళ్ల స్టైలో, అంజన్ గడ్డి విత్తనం ఊరి మందకు ఏళ్ల తరబడి మేత అవుతుంది.

రోహిణి వానను నమ్ముకుని వేయదగిన విత్తనం అంటూ ఉంటే అది నవధాన్యాలే. రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు వానలకు ముందే, పొడి నేలలోనే వీటిని చల్లుతున్నారు. జొన్న, సజ్జ, కొర్ర, అలసంద, ఉలవ, పెసర, నువ్వు వంటి రకరకాల గింజలకు బంకమట్టి, బూడిద, బీజామృతం పట్టించి గుళికలు చేస్తారు. ఆ పూత వల్ల గింజ ఎండకు చెడకుండా వాన కోసం కాచుకుంటుంది. నాలుగు చినుకులకే అన్నీ మొలవవు, పడిన వానను బట్టి కొన్ని మొలుస్తాయి, కొన్ని ఆగుతాయి. మొలిచింది నేలకు నీడ. పెరిగింది పశువుకు మేత. మిగిలింది కలియదున్నితే ఎరువు. జులైలో అసలు పంట వేసే నాటికి నేల గుల్లబారి ఉంటుంది. పోయినా పోయేది కొద్దిపాటి గింజలే. ఇందులోనూ ఒక జాగ్రత్త ఉంది: ఈ చేనులో జొన్న ఉంటుంది కనుక, బెట్టకు వాడి ఉన్నప్పుడు పశువులను నేరుగా తోలకూడదు. కోసి, బాగా ఎండబెట్టి వేయాలి.

ఈ సమయంలో ఊళ్లో జరిగే హడావిడంతా విత్తనం చుట్టూనే తిరుగుతుంది. సబ్సిడీ విత్తనం ఎప్పుడిస్తారు, ఎన్ని మూటలిస్తారు, వరుసలో ఎవరు ముందు అన్నదే మాట. మందలకు టీకా మందు వచ్చిందా అని అడిగే గొంతు ఒక్కటీ వినపడదు. మా జిల్లాలో వరుస కరువులు వచ్చిన ఏళ్లలో వేరుశనగ చేతికి రాని ఇళ్లను గొర్రెలు నిలబెట్టాయి. పంట పోయినా మంద మిగిలిన ఇల్లు వలస పోకుండా నిలదొక్కుకుంది. ఆ మందకు అసలు గండం తొలి పచ్చికతోనే మొదలవుతుంది. అధికారులకు నా విన్నపం ఒక్కటే. విత్తనం లారీ రావడానికి ముందే టీకా మందు, మేత విత్తనం ఊరికి చేరాలి. కాలం తీరు తెలిసిన క్రమం అదే.

రైతు సోదరులకు చెప్పేది ఇంకా సులువు. ఈ వారం విత్తనం మూట విప్పకండి. దున్నని చేను దున్నండి, జొన్న మోళ్లు తీసేయండి, ఒక వామి ఎండుమేత పక్కన పెట్టండి. గొర్రెలకు చిటుకు టీకా ఇంకా పడకపోతే రేపే పశువుల ఆసుపత్రికి వెళ్లి అడగండి.